షుగర్ 38కి పడిపోయాక మెదడు సంగతి: నాన్నగారి గురించి మీరు అడిగినదానికి జవాబు

మీరు రాసిన వివరాలు ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, వేరేవాళ్లు చదివినా తెలుస్తుంది. నాన్నగారికి 66 ఏళ్లు, ఉండేది విశాఖలోని గాజువాక. రెండు పూటలా ఒక బిళ్ళ. అందులో గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500, వోగ్లిబోస్ 0.2 మిల్లీగ్రాములు కలిసి ఉన్నాయి. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచి వచ్చి, పగలంతా పడుకుని, రాత్రి కాస్త మజ్జిగన్నం తిని బిళ్ళ వేసుకున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఒళ్లంతా చెమట, పొంతన లేని మాటలు. మిషన్‌లో 38. రెండుసార్లు పంచదార నీళ్లు తాగించినా ఇరవై నిమిషాల తర్వాత 46 దగ్గరే ఉంది. ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించాక పావుగంటలో మామూలు మనిషయ్యారు, మధ్యాహ్నానికి ఇంటికి పంపేశారు. మెదడు కణాలు చనిపోయాయా, వాటిని కాపాడే మందు ఉందా, మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలి అని అడిగారు.

మొదటి ప్రశ్నకి నా జవాబు: దాదాపు ఖాయంగా చనిపోలేదు. ఎందుకంత ధైర్యంగా అంటున్నానో వివరంగా చెప్పాలి. అది అర్థమైతేనే మిగతా జాగ్రత్తల విలువ తెలుస్తుంది.

మెదడు శరీర బరువులో 2 శాతమే, కానీ రోజుకి సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. అంటే గంటకి 5 గ్రాములు. రక్తం మొత్తం ఐదు లీటర్లనుకుంటే, షుగర్ 90 ఉన్నప్పుడు అందులో ఉండే గ్లూకోజ్ అంతా కలిపి నాలుగున్నర గ్రాములే, ఒక చెంచాడు. మెదడు తనకంటూ దాచుకునేది నిమిషాలకు సరిపడేంతే. రాత్రంతా కాలేయం కొద్దికొద్దిగా గ్లూకోజ్ వదులుతూ ఉంటేనే ఈ చెంచా ఖాళీ కాకుండా ఉంటుంది. ఆహారం లేనప్పుడు కాలేయం కొవ్వునుంచి కీటోన్లు కూడా తయారుచేస్తుంది, మెదడు వాటితో కొంత సర్దుకోగలదు. కానీ ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాగా ఇన్సులిన్‌ని బలవంతంగా విడుదల చేయించే బిళ్ళ గానీ ఒంట్లో ఉంటే కాలేయం గ్లూకోజ్ వదలడం తగ్గిస్తుంది, కీటోన్లు కూడా తయారు కావు. మెదడుకి రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. ఉపవాసంతో తగ్గిన షుగర్ కన్నా మందుతో తగ్గిన షుగర్ ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

అంకెలు కిందికి దిగేకొద్దీ ఏం జరుగుతుందో చూడండి. 80 దాటి దిగితే ఆరోగ్యవంతుల్లో ఇన్సులిన్ ఆగిపోతుంది. 65, 70 మధ్య షుగర్‌ని పెంచే హార్మోన్లు గ్లూకగాన్, అడ్రినలిన్ బయటికొస్తాయి. 55 దగ్గర చెమట, వణుకు, గుండెదడ, ఆకలి మొదలవుతాయి. 50 కంటే దిగితే ఆలోచన, మాట తడబడతాయి. 30 దగ్గర ఫిట్స్, స్పృహ తప్పడం రావచ్చు. ఈ మెట్లన్నిటిలో మెదడు కణాలు పని మానేస్తున్నాయి తప్ప చనిపోవడం లేదు. కరెంటు తగ్గితే ఫ్యాను మెల్లగా తిరిగినట్టు, ఇంధనం రాగానే మళ్ళీ తిరుగుతాయి. 1980లలో ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో స్పష్టంగా తేలిన విషయం ఏమిటంటే, షుగర్ 20 కంటే దిగి, మెదడు విద్యుత్ తరంగాలు పూర్తిగా చదునైపోయిన తర్వాతే కణాల చావు మొదలవుతుంది. ఆ చదును స్థితి పది నిమిషాలు దాటితే కొన్ని కణాలు పోతాయి, అరగంట దాటితే నష్టం విస్తరిస్తుంది. మనుషుల్లో ఇంత కచ్చితమైన గీత గీయలేం, కానీ క్రమం ఇదే. నాన్నగారు మాట్లాడుతున్నారు, పొంతన లేకపోయినా సరే. మాట్లాడే మనిషి మెదడు తరంగాలు చదును కాలేదు.

కాబట్టి 38 అనే అంకె ఒక్కటే చూసి బెంగపడకండి. ఎంత లోతుకి పడింది, ఎంతసేపు ఉంది అనే రెండూ కలిసే నష్టాన్ని నిర్ణయిస్తాయి. రాత్రి పదకొండుకి పడిపోయి ఉదయం ఏడుకి కనిపెట్టిన మనిషి సంగతి వేరు.

చదును దాటాక కణాలు ఎలా పోతాయన్నది మీ రెండో ప్రశ్నకి సంబంధించినది. ఇంధనం లేక కణాలు ఆస్పర్టేట్, గ్లూటమేట్ అనే రసాయనాలను బయటికి వదిలేస్తాయి. అవి పక్క కణాల తలుపులు తెరిచి కాల్షియంని లోపలికి వరదలా పంపుతాయి, కణం లోపలి యంత్రాంగం దెబ్బతింటుంది. జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్, మెదడు పైపొర ముందు దెబ్బ తింటాయి. చిన్నమెదడు, మెదడు కాండం చాలావరకు తట్టుకుంటాయి. అందుకే తీవ్రమైన షుగర్ డౌన్ తర్వాత మనిషి ఊపిరి, గుండె బాగానే ఉండి, కొత్త విషయాలు గుర్తుండకపోవడం చూస్తాం.

ఈ గొలుసులో ఏదో ఒక లింకుని తెంచే మందు కోసం ప్రయోగశాలల్లో చాలా వెతికారు. గ్లూకోజ్‌తో పాటు పైరువేట్ ఇస్తే ఎలుకల్లో నష్టం తగ్గింది. కానీ రోగులకు ఇచ్చే స్థాయికి అదేదీ రాలేదు. జ్ఞాపకశక్తికని మందుల షాపుల్లో ఇచ్చే సిటికోలిన్, పిరాసెటమ్ బిళ్ళలు షుగర్ డౌన్ వల్ల పోయే కణాలను కాపాడతాయని రుజువు లేదు. ఆ డబ్బుతో షుగర్ మిషన్‌కి పెట్టే పరీక్ష స్ట్రిప్‌లు కొనండి. మెదడుకి సంబంధించినంతవరకు అదే అసలైన ఖర్చు.

2007లో వచ్చిన ఒక ఎలుకల పరిశోధన మాత్రం ఆచరణకి పనికొచ్చే మాట చెప్పింది. తీవ్రంగా పడిపోయిన తర్వాత గ్లూకోజ్ తిరిగి అందే క్షణాల్లో కణాల్లో హానికరమైన సూపరాక్సైడ్ పుడుతుంది. షుగర్ ఎంత పైకి ఎగదోస్తే అంత ఎక్కువ పుడుతుంది. దీన్ని చూసి గ్లూకోజ్ ఇవ్వడానికి వెనకాడకూడదు, ఆలస్యమే అన్నిటికంటే పెద్ద హాని. కానీ 38 నుంచి 350కి తోయడం మేలు కాదు. కంగారులో గ్లూకోజ్, బెల్లం, కూల్‌డ్రింకు, స్వీటు అన్నీ వరసగా తినిపించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గ్లూకోజ్, ఆ తర్వాతి తిండి అంతా కలిపి 100 దాటితే చాలు, 180 లోపు ఉంటే బాగు.

ఇక మీ ఇంట్లో ఆ రోజు జరిగినదాంట్లో నన్ను ఆపేసిన విషయం పంచదార నీళ్లు పని చేయకపోవడం. అందులో మీ తప్పు ఏమీ లేదు, బిళ్ళలో ఉన్న వోగ్లిబోస్ తప్పు. పేగులో పంచదారని గ్లూకోజ్‌గా విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆపడమే దాని పని. అకార్బోజ్ కూడా అంతే. ఈ మందు వాడేవాళ్లకి పంచదార, బెల్లం, అన్నం, బిస్కెట్టు ఏది పెట్టినా షుగర్ నెమ్మదిగానే పెరుగుతుంది. అనకాపల్లి బెల్లం ముక్క అయినా అంతే, అది కూడా చాలావరకు పంచదార జాతే. వీళ్ళకి నేరుగా గ్లూకోజే కావాలి, దాన్ని విరగ్గొట్టే పని లేదు. షాపులో గ్లూకోజ్ పొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక డెక్స్ట్రోజ్ (అంటే గ్లూకోజ్) ఎంత, సుక్రోజ్ (అంటే పంచదార) ఎంత అని చూడండి. పళ్ళ రుచులు కలిపిన రకాల్లో పంచదార కూడా కలిసి ఉండవచ్చు, సాదా రకం తీసుకోండి. మూడు మందులు కలిసిన బిళ్ళలు మన దగ్గర చాలామంది వాడుతున్నారు, ఈ సంగతి చాలా తక్కువమందికి చెబుతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మళ్ళీ ఎప్పుడైనా పడితే: మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ సగం గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. సమంగా గీసిన నాలుగు టీస్పూన్లు సుమారు అంత వస్తుంది. షుగర్ 54 కంటే తక్కువైతే 20 గ్రాములు. వంటింట్లో తూకం ఉంటే ఒకరోజు కూర్చుని 15 గ్రాముల పొట్లాలు కట్టి, గాలి చొరని చిన్న డబ్బాలో వేసి మంచం పక్కన ఒకటి, స్కూటర్ డిక్కీలో ఒకటి పెట్టండి. మన సముద్రపు గాలికి విడి పొడి వారంలో గడ్డకట్టేస్తుంది. పదిహేను నిమిషాలకి మళ్ళీ వేలు గుచ్చి చూడండి. 70 దాటకపోతే ఇంకో 15 గ్రాములు. దాటితే అరగంటలోపు రెండు ఇడ్లీలో, ఒక గ్లాసు చోడి (రాగి) అంబలో, పాలతో రొట్టెముక్కో పెట్టండి. మొదట ఇచ్చిన గ్లూకోజ్ గంట, గంటన్నరలో అయిపోతుంది. వోగ్లిబోస్ లేనివాళ్లకైతే పంచదార, సగం గ్లాసు చెరకు రసం, 150 ఎంఎల్ మామూలు కూల్‌డ్రింకు ఏదైనా పనిచేస్తుంది. డైట్ రకాలు పనికిరావు. చాక్లెట్టు, మాడుగుల హల్వా లాంటి నెయ్యి పదార్థాలు మొదటి చికిత్సగా వద్దు, కొవ్వు కడుపులోనే ఆపేస్తుంది. కొబ్బరినీళ్లలో చక్కెర చాలా తక్కువ, ఒక బోండాం ఈ పనికి సరిపోదు.

వేలికి మామిడిపండు రసమో, పంచదారో అంటి ఉంటే మిషన్ అబద్ధపు ఎక్కువ చూపిస్తుంది. నీళ్లతో కడిగి తుడిచి గుచ్చండి. స్ట్రిప్ డబ్బా మూత వెంటనే బిగించండి, ఇక్కడి తేమకి స్ట్రిప్‌లు పాడవుతాయి. మిషన్ కనిపించకపోతే లక్షణాలు చూసి ముందు గ్లూకోజ్ ఇచ్చేయండి, వెతుకులాట తర్వాత.

స్పృహ లేకపోయినా, ఫిట్స్ వస్తున్నా, మింగలేకపోయినా నోట్లో ఏదీ వేయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. "షుగర్ పేషెంటు, షుగర్ ఇంత పడింది, స్పృహ లేదు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఇంట్లో గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటే పెద్దవాళ్లకి 1 మిల్లీగ్రాము తొడ కండలోకి ఇవ్వొచ్చు, పది పదిహేను నిమిషాల్లో లేస్తారు. కానీ అది ప్రతి మందుల షాపులో దొరకదు. పైగా అది కాలేయంలో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉన్న గ్లూకోజ్‌ని కరిగించి పనిచేస్తుంది. 32 కిలోమీటర్లు నడిచి సరిగ్గా తినని మనిషికో, రాత్రి మద్యం తాగి పడుకున్న మనిషికో ఆ నిల్వే ఉండదు. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లలో అది ఇన్సులిన్‌ని ఇంకాస్త విడుదల చేయించవచ్చు కూడా. మీ నాన్నగారి విషయంలో దాని మీద ఆధారపడవద్దు.

ఆసుపత్రిలో ఏం జరగాలో కూడా మీకు తెలియాలి, అడగడానికి. 25 శాతం డెక్స్ట్రోజ్ 100 ఎంఎల్ సీసాలో 25 గ్రాములుంటాయి, మొదటి మోతాదుకి అది చాలు. తాగుడు అలవాటు ఉన్నా, బాగా నీరసించి ఉన్నా థయమిన్ (బీ1 విటమిన్) కూడా ఇస్తారు. దాని కోసం గ్లూకోజ్ ఆపరు. ఆ తర్వాతే చాలా చోట్ల పొరపాటు జరుగుతుంది. 5 శాతం గ్లూకోజ్ సెలైన్ గంటకి 100 ఎంఎల్ చొప్పున పెడితే వచ్చేది 5 గ్రాములు. అది మెదడు ఒక్కదానికే సరిపోతుంది, మిగతా ఒంటికేమీ మిగలదు. బిళ్ళ ఇంకా పనిచేస్తున్నప్పుడు 10 శాతమే కావాల్సి వస్తుంది, గంటగంటకీ పరీక్ష కూడా. గ్లిమెపిరైడ్ వల్ల పడితే కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచాలి. క్రియాటినిన్ 1.6 ఉన్న మనిషిలో మందు బయటికి పోవడం ఆలస్యమవుతుంది, రెండు మూడు రోజులు మళ్ళీ మళ్ళీ పడవచ్చు. ఇదే జాతికి చెందిన పాత బిళ్ళ గ్లిబెన్‌క్లమైడ్ ఇంకా మొండిది. గ్లూకోజ్‌తో ఆగకపోతే ఆక్ట్రియోటైడ్ 50 మైక్రోగ్రాములు చర్మం కింద ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి ఇస్తారు, అది ఇన్సులిన్ విడుదలనే ఆపుతుంది. తెల్లవారుజామున పడిన మనిషిని మధ్యాహ్నానికే ఇంటికి పంపడం నాకు నచ్చలేదు. అదృష్టం బాగుండి మళ్ళీ పడలేదు. ఉద్దానం వైపునుంచి కిడ్నీ జబ్బుతో ఇక్కడి ఆసుపత్రులకి వచ్చేవాళ్లలో షుగర్ కూడా ఉంటే ఈ హెచ్చరిక వాళ్ళకి రెట్టింపు వర్తిస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. షుగర్ పడినప్పుడు ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవచ్చు, మూతి వంకర పోవచ్చు, అచ్చం పక్షవాతంలా ఉంటుంది. గ్లూకోజ్ అందాక తిరిగి వచ్చేస్తుంది. అందుకే పక్షవాతం అనుకున్న ప్రతి మనిషికీ స్కాన్ కంటే ముందు వేలు గుచ్చి చూడాలి. తాగి పడిపోయాడని రోడ్డు పక్కన వదిలేసే మనిషికి కూడా.

షుగర్ మామూలుకి వచ్చిన అరగంటకి కూడా మనిషి తేరుకోకపోతే మెదడు వాపు, రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ లాంటి వేరే కారణాలు వెతకాలి. నాన్నగారు పావుగంటలో తేరుకున్నారు, ఇది చాలా మంచి సూచన. ఇప్పుడు స్కాన్ అవసరం కనిపించడం లేదు. ఒకటి రెండు వారాలు మాత్రం గమనించండి: మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడిగితే చెప్పగలుగుతున్నారా, నిన్న రాత్రి ఏం తిన్నారో గుర్తుందా, తెలిసిన దారిలో తికమక పడుతున్నారా. తేడా కనిపిస్తే న్యూరాలజిస్టుకి చూపించి ఎమ్మారై తీయించండి. రక్తపరీక్ష చేసి బీ12 కూడా చూడమనండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గుతుంది, ఆ మతిమరుపుని చాలామంది షుగర్ డౌన్ ఖాతాలో వేస్తారు.

ఒక్కసారికి భయపడనక్కరలేదన్నాను, కానీ పదేపదే పడటం వేరు. 2009లో అమెరికాలో వృద్ధులైన టైప్ 2 రోగుల మీద వచ్చిన అధ్యయనంలో ఆసుపత్రి దాకా తెచ్చిన షుగర్ డౌన్‌లు ఎన్ని ఎక్కువైతే మతిమరుపు జబ్బు ముప్పు అంత పెరిగింది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది పూర్తిగా విడదీయలేం. వయసులో ఉన్న టైప్ 1 రోగులను 18 ఏళ్ళు గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి క్షీణత కనబడలేదు. వయసు మళ్ళిన మెదడుకి ఓపిక తక్కువ అని నేను అర్థం చేసుకుంటాను. ఇంకో చిక్కు ఉంది. ఒకసారి పడితే తర్వాతిసారి చెమట, వణుకు అనే హెచ్చరికలు ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. రెండు మూడు వారాలు ఒక్కసారి కూడా 70 కింద పడకుండా చూసుకుంటే ఆ హెచ్చరిక చాలామందిలో తిరిగి వస్తుంది. బీపీకో, గుండెకో బీటా బ్లాకర్ వాడుతుంటే వణుకు, దడ తెలియవు, చెమట మాత్రం తెలుస్తుంది. పడుకున్న మనిషి బనీను తడిస్తే లేపండి.

నివారణలో మొదటి పని డాక్టర్‌తో మాట్లాడి ఈ బిళ్ళ మార్పించడం. 66 ఏళ్ల వయసు, క్రియాటినిన్ 1.6 ఉండగా గ్లిమెపిరైడ్ మీద 6.1 సగటు మెచ్చుకోవాల్సిన అంకె కాదు, మందు ఎక్కువైందన్న గుర్తు. ఏడు, ఏడున్నర మధ్య ఉంటే ఆయనకి చాలు, ఇంకా జబ్బులుంటే ఎనిమిది వరకు సర్దుకోవచ్చు. షుగర్‌ని అతిగా కట్టడి చేసిన రోగుల్లో మరణాలు పెరగడంతో 2008లో ఒక పెద్ద ప్రయోగంలో ఆ భాగాన్నే ఆపేశారు. గ్లిమెపిరైడ్ తీసేసి గ్లిప్టిన్ రకం ఇస్తే షుగర్ పడే ముప్పు బాగా తగ్గుతుంది. కిడ్నీని బట్టి మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా మార్చాల్సి ఉండొచ్చు. కలిసి మాట్లాడేలోపు ఈ బిళ్ళ మళ్ళీ వేసే ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి వేయాలో వద్దో అడగండి. సొంతంగా యాంటీబయాటిక్ కొని వేసుకోవడం కూడా మానాలి: సెప్ట్రాన్, క్లారిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఫంగస్‌కి వాడే ఫ్లుకోనజోల్ గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్ పడిపోతుంది. పాడేరు, అరకు వెళ్ళొచ్చి చలిజ్వరం వస్తే మలేరియా, దానికిచ్చే క్వినైన్ రెండూ షుగర్‌ని దించుతాయి.

ఇన్సులిన్ వాడే ఇళ్లవాళ్లకి ఒక్క మాట, ఎందుకంటే మన దేశంలో జరిగే పొరపాటు ఇది. సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజీ, 100 అని ఉంటే నారింజ రంగు మూత సిరంజీ వాడాలి. 100 రకం ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజీతో తీస్తే రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. పెన్ను పాడైతే కార్ట్రిడ్జ్ నుంచి మామూలు సిరంజీతో లాగే అలవాటు ఇందుకే ప్రాణం మీదికి తెస్తుంది.

వచ్చే ఆషాఢంలో నాన్నగారు మళ్ళీ నడుస్తానంటే ఆపమని నేను చెప్పను. గ్లిమెపిరైడ్ మానేశాక వెళ్ళడం మంచిది. ఇంకా వాడుతుంటే నడిచే రోజు, మర్నాడు ఎంత తగ్గించాలో, అసలు వేయాలో లేదో డాక్టర్‌ని ముందే అడగాలి. నడక మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టే ముందు షుగర్ చూసుకోవాలి, 100 కంటే తక్కువైతే ఏదైనా తిని బయలుదేరాలి. రెండు గంటలకోసారి మళ్ళీ చూడాలి. దారిలో ఇచ్చే పులిహోర, అరటిపండు పక్కన పెట్టకుండా తినాలి. గ్లూకోజ్ పొట్లాలు ఆయన జేబులో ఉండాలి, మీ బ్యాగులో కాదు. కాళ్ళలో తిమ్మిరి ఉంటే ఉత్తకాళ్లతో నడవకూడదు. నడక అయిపోయాక కండరాలు ఖాళీ అయిన గ్లైకోజన్‌ని ఒక రోజంతా నింపుకుంటూనే ఉంటాయి, ఆయనకి ప్రదక్షిణ మర్నాటి రాత్రి పడటానికి కారణం అదే. కాబట్టి ఇంటికొచ్చిన రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టకుండా పూర్తి భోజనం పెట్టి, మూడు గంటలకి అలారం పెట్టుకుని లేచి ఒకసారి వేలు గుచ్చి చూడండి.